బ్యాటరీ దిగిపోయిన పిమ్మట

(జహీరాబాదులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సమాచార శాఖవారు వచ్చినారనగానే ఏదో యొక పథకమును గురించి చెప్పుదురని మీరు తలచి యుందురు. నేడు మేము పథకమును గురించి చెప్పుటకు రాలేదు. పంచాయతీ కార్యాలయము ముందర కదలక నిలిచిపోయిన ట్రాక్టరును గురించి చెప్పుటకు వచ్చితిమి.

ఉదయము ఆరు గంటలగును. డ్రైవరు తాళపుచెవి త్రిప్పును. "టిక్" అను చిన్న శబ్దము తప్ప మరేమియు వినిపించదు. చెత్త బుట్టలు ఇండ్ల ముందరనే యుండును. ఎండకాలమైనచో దారి ప్రక్కన నాటిన మొక్కలు ట్యాంకరు కొరకు ఎదురుచూచుచుండును. నలుగురు మనుష్యులు వెనుకనుండి త్రోసి అలసిపోవుదురు. మధ్యాహ్నమునకు పట్టణమునుండి మిస్త్రీ వచ్చి, మూత తీసి చూచి, "బ్యాటరీ పోయినది, క్రొత్తది వేయవలెను" అనును. క్రొత్తది వేయుదురు. తీర్మానము వ్రాయుదురు, బిల్లు చెల్లింతురు. నాలుగు మాసములు గడచునో లేదో, మరల ఒక ఉదయమున అదే "టిక్".

ఈ రెండవ "టిక్" ను గురించియే మా ప్రసంగము. మొదటిది ఎవరికైనను సంభవింపవచ్చును. రెండవది మాత్రము, మొదటిసారి కారణము వెదకకపోవుటవలన సంభవించినది.

2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమమువలన తెలంగాణమునందలి ప్రతి గ్రామ పంచాయతీకిని ఒక ట్రాక్టరు, ఒక ట్రాలీ, ఒక నీటి ట్యాంకరు సమకూడినవి. పెక్కు పంచాయతీలు బ్యాంకు ఋణముతో వీనిని కొన్నవి. ఇక జహీరాబాదు వారికి ట్రాక్టరును పరిచయము చేయవలసిన పనియే లేదు. ఏటికి లక్ష ట్రాక్టర్లు చేయగల మహీంద్రా కర్మాగారము 2013లో ఈ ఊరిచెంతనే వెలసినది. ట్రాక్టరు పుట్టుచోటికి వచ్చి ట్రాక్టరు గుణదోషములు చెప్పుట సాహసమే యగును గాని, పుట్టించుట వేరు, పెంచుట వేరు గదా.

మేము ఇంజనీర్లము కాము. అయినను ప్రచార శాఖలో పనిచేయువారికి బ్యాటరీతో గల సంబంధము చిన్నది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున రాత్రి సభ జరిగినది. ఇంజను చప్పుడు మాటలకు అడ్డము రాకూడదని ఇంజను ఆపి, ప్రచార వాహనపు బ్యాటరీతోనే రెండున్నర గంటలు మైకు నడిపితిమి. దీపములు కూడ వెలిగించితిమి. సభ ముగిసినది, జనులు వెడలిపోయిరి, వాహనము కదలదు. ఆ దారిన పోవుచున్న లారీని ఆపి, దాని బ్యాటరీనుండి తీగలు కలిపించితిమి. చీకటిలో తీగలు పట్టుకొనినవాడు ఎఱ్ఱ తీగను నలుపు కొనకును, నల్ల తీగను ఎఱుపు కొనకును తగిలించినాడు. పెద్ద మెరుపు మెరసినది, కాలిన వాసన వచ్చినది. మరల సరిగా కలుపగా ఇంజను అందుకొన్నది. "గండము గడచినది" అనుకొని ఇంటికి చేరితిమి.

మరునాటినుండి కథ మొదలైనది. హారను మ్రోగదు. మీటర్ల పలకపై బ్యాటరీ గుర్తుగల ఎఱ్ఱ దీపము ఆరదు. బ్యాటరీయే చెడిపోయినదని తలచి క్రొత్తది కొంటిమి. మూడు దినములలో అదియు దిగిపోయినది. తుదకు తెలిసినదేమనగా, తీగలు తారుమారైన ఆ ఒక్క క్షణములో ఒక ఫ్యూజును, ఆల్టర్నేటరులోని డయోడులును కాలిపోయినవి. దిగిపోయిన బ్యాటరీవలన మాకు కలిగిన నష్టము ఒక రాత్రి నిద్ర మాత్రమే. దానిని లేపబోయి మేము కలిగించుకొన్న నష్టము అంతకు ఎన్నో రెట్లు. క్రొత్త బ్యాటరీ కొనుటకు సంతకము చేసినది కూడ మేమే. కనుక నేడు మీకు చెప్పుచున్న మాటలు మేము రుసుము చెల్లించి నేర్చుకొన్నవి.

యంత్రములు తెలియనివారికి కూడ సులభముగ బోధపడుటకు మీ ఊరి మంచినీటి ట్యాంకును తలచుకొనుడు. ఒక ఉదయమున ట్యాంకులో నీరు లేదు. క్రొత్త ట్యాంకు కట్టించుటకు మీరు తీర్మానము చేయుదురా? చేయరు. మోటారు నీటిని ఎక్కించుచున్నదా, రాత్రి ఎక్కడనైన గొట్టము కారుచున్నదా, లేక ట్యాంకునకే బీట పడినదా అని మూడు ప్రశ్నలు వేయుదురు. ట్రాక్టరునందు బ్యాటరీ ట్యాంకు వంటిది. ఆల్టర్నేటరు మోటారు వంటిది. మన మిస్త్రీలు దీనిని నేటికిని డైనమో అనియే పిలుచుదురు. తీగలు, దీపములు, హారను గొట్టములు. బ్యాటరీ దిగిపోయినప్పుడు అడుగవలసినవి ఆ మూడు ప్రశ్నలే. మన మిస్త్రీలలో పలువురు మూడవ ప్రశ్ననుండి మొదలిడుదురు. దుకాణమున అమ్ముడుపోవునది ట్యాంకే గదా!

డీజిలు ట్రాక్టరులో ఒక చిత్రము కలదు. పెట్రోలు కారునకు నిప్పురవ్వ కావలెను. ఆ రవ్వకు విద్యుత్తు కావలెను. డైనమో చెడినచో బ్యాటరీలో నున్నది హరించిన వెంటనే కారు దారిలోనే ఆగిపోవును. పాత తరహా పంపుగల డీజిలు ఇంజను అట్లు కాదు. ఒకసారి అందుకొన్న తరువాత సాధారణముగ దానికి విద్యుత్తుతో పనిలేదు. డైనమో పూర్తిగా చచ్చిపోయినను ట్రాక్టరు దినమంతయు చెత్త మోయును, నీరు మోయును, డ్రైవరునకు ఏమియు తెలియదు. దోషము నిన్న కలిగినది, కనబడినది నేడు. కనుకనే ఉదయమున అందరి కన్నును బ్యాటరీపైననే పడును. పూర్వకాలపు జీపులకు ముందువైపు ఇనుప హ్యాండిలు ఉండెడిది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము మొదలైన దినములలో ఆఫీసు జీపు మొరాయించినచో హ్యాండిలు త్రిప్పి నడుపుకొనెడివారు. నేడు ఆ వెసులుబాటు లేదు.

ఈ దాగిన దోషమును పట్టియిచ్చునది మీటర్ల పలకపైనున్న ఆ చిన్న ఎఱ్ఱ దీపమే. తాళపుచెవి త్రిప్పగానే అది వెలుగవలెను, ఇంజను అందుకొనగానే ఆరవలెను. ఆరకున్నచో డైనమో పనిచేయుట లేదని అర్థము. మొట్టమొదట బెల్టు తెగినదో వదులైనదో చూడవలెను. అసలు వెలుగనే వెలుగకున్నచో? "బల్బు పోయినది, పోనిమ్ము" అని విడిచిపెట్టకుడు. అనేక ట్రాక్టర్లలో డైనమోను మేలుకొలుపు తొలి విద్యుత్తు ఆ బల్బు గుండనే పోవును. బల్బు మాడినచో డైనమో మేలుకొనదు. కొద్ది రూపాయల బల్బు కొరకు వేల రూపాయల బ్యాటరీ బలియగును. మీ డ్రైవరును పిలిచి నేడే ఒక మాట అడుగుడు: "ఆ దీపము వెలుగుచున్నదా, ఆరుచున్నదా?" సమాధానము చెప్పలేనిచో, మీ బ్యాటరీ భవిష్యత్తును మేము ఇక్కడనుండియే చెప్పగలము.

ఇక ఉదయమున "టిక్" మన్నప్పుడు చేయవలసిన పని. ముందుగా హెడ్‌లైట్లు వెలిగించి, సెల్ఫు కొట్టుచు వానిని చూడవలెను. దీపములు పూర్తిగా నీరసించిపోయినచో బ్యాటరీలో శక్తి లేదు, లేదా కొనలవద్ద కలయిక సరిగా లేదు. దీపములు చెక్కుచెదరక వెలుగుచు, ఏ శబ్దమును రానిచో బ్యాటరీని నిందింపరాదు. తాళపు స్విచ్చి, ఫ్యూజు, క్లచ్చి వద్ద నుండు రక్షణ స్విచ్చి, సెల్ఫు మోటారు – వీనిలో వెదకవలెను. క్లచ్చి నిండుగ త్రొక్కకపోవుటవలననే ట్రాక్టరు కదలని సందర్భములును కలవు. అది చెప్పుటకు డ్రైవర్లు సిగ్గుపడుదురు.

"దీపములు వెలుగుచున్నవి, కనుక తీగలన్నియు బాగున్నవి" అను వాదము మిక్కిలి మోసకరమైనది. దీపములకు ఎనిమిది పది ఆంపియర్లు చాలును. సెల్ఫు మోటారునకు రెండు మూడు వందల ఆంపియర్లు కావలెను. బ్యాటరీ కొనపై తెల్లని, పచ్చని పొడి పేరుకొని, ఒక ఓములో ఏబదవ వంతు మాత్రమే అడ్డము కల్పించినదనుకొందము. ఎనిమిది ఆంపియర్ల దీపములకు ఆ అడ్డము వద్ద పోవునది వోల్టులో ఆరవవంతు, కంటికి తెలియదు. రెండువందల ఆంపియర్ల సెల్ఫునకు నాలుగు వోల్టులు పోవును. పన్నెండింటిలో నాలుగు పోయిన తరువాత ఇంజను తిరుగుట కల్ల. కావున క్రొత్త బ్యాటరీ మాట ఎత్తకముందు కొనలు విప్పి, వేడినీటితోను సోడా ఉప్పుతోను కడిగి, గరుకు కాగితముతో రుద్ది, గట్టిగ బిగించి, పైన వ్యాసలీను పూయవలెను. విప్పునప్పుడు నల్ల తీగ ముందు, బిగించునప్పుడు నల్ల తీగ చివర. ఈ వరుస తప్పినచో పానా ఇనుమునకు తగిలి నిప్పులు కురియును.

నల్ల తీగ రెండవ కొన ఎక్కడ బిగింపబడినదో ఎవరును చూడరు. ఛాసిస్‌కు బిగించిన ఆ బోల్టు మట్టిలో, ఎరువులో, నీటిలో నాని త్రుప్పు పట్టును. దీనినే మిస్త్రీలు అర్తు అందురు. మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ నలుపు కొనపైనను, రెండవ కొనను ఇంజను ఇనుముపైనను పెట్టి సెల్ఫు కొట్టించుడు. అర వోల్టునకు మించి చూపినచో దోషము అర్తులోనే యున్నది. నాలుగు మాసములకొకసారి బ్యాటరీ మార్చిన ట్రాక్టర్లలో ఒక బోల్టు విప్పి గీకగా బాగైనవి లేకపోలేదు.

మల్టీమీటరు అంటిమి గనుక, అది పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. పట్టణమున విద్యుత్ సామాను అమ్ము ఏ దుకాణముననైనను దొరకును. నీటి మోటారు మరమ్మతునకును పనికివచ్చును. నాలుగు అంకెలు గుర్తుంచుకొన్నచో చాలును. రాత్రంతయు విశ్రమించిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపినచో నిండుగా నున్నది. 12.2 చూపినచో సగము. 12 కంటె తక్కువయైనచో దిగిపోయినట్లే. ఇంజను నడుచునప్పుడు 13.8 మొదలు 14.4 వరకు ఉండవలెను. నడుచునప్పుడు గూడ 12.5 వద్దనే నిలిచినచో మోటారు నీరు ఎక్కించుట లేదు. 15 దాటినచో రెగ్యులేటరు చెడి బ్యాటరీని ఉడికించుచున్నది. అట్టి బ్యాటరీలో నీరు తరచుగ ఇంకిపోవుచుండును.

డైనమో బాగున్నది, కొనలు బాగున్నవి, అయినను రెండు దినములు నిలిపినచో దిగిపోవుచున్నది. అనగా గొట్టము కారుచున్నది. పంచాయతీ ట్రాక్టర్లలో ఈ కారుడునకు ముఖ్య కారణమును మేము, ప్రచార శాఖవారము, ఒప్పుకొనక తప్పదు: అది మైకు! చెత్త బండి వచ్చుచున్నదని పాట వినిపించుటకు మైకు పెట్టింతురు. పెట్టినవాడు సులభముగ నుండునని తాళముతో సంబంధము లేక నేరుగ బ్యాటరీకే తీగ కలుపును. డ్రైవరు తాళము తీసికొని పోవును. యంత్రములోని చిన్న దీపము, లోపలి భాగములు రాత్రింబగళ్ళు మేల్కొనియే యుండును. లెక్క చూడుడు. అయిదు వాట్ల బల్బంత శక్తి తీసికొనినను గంటకు 0.4 ఆంపియర్ అవరు, దినమునకు సుమారు 10 ఆంపియర్ అవర్లు. 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు దినములలో సగము, ఎనిమిది దినములలో పూర్తిగా ఖాళీ. పండుగకు నాలుగు దినములు సెలవిచ్చిన ట్రాక్టరు అయిదవ నాడు లేవకపోవుటలో ఆశ్చర్యమేమున్నది?

దీనిని పట్టుటకు మీటరు కూడ అక్కరలేదు. తాళము తీసి, అన్ని స్విచ్చులు ఆపి, నల్ల తీగ విప్పి, ఆ తీగకును బ్యాటరీ కొనకును నడుమ 12 వోల్టుల చిన్న బల్బును కలుపుడు. బల్బు వెలిగినచో కారుచున్నది. పిదప ఒక్కొక్క ఫ్యూజును తీయుచు రావలెను. ఏ ఫ్యూజు తీయగా బల్బు ఆరునో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. ఫ్యూజులన్నియు తీసినను వెలుగుచున్నచో మైకు వంటి పై తీగలను విప్పి చూడుడు. అప్పటికిని వెలుగుచున్నచో డైనమో మోటు తీగను విప్పుడు. అప్పుడు ఆరినచో డయోడు కాలినది. ఎప్పుడో ఎవరో తీగలు తారుమారు చేసి యుందురు.

ఆ తారుమారు మాటకు వత్తము. వేరొక బండినుండి శక్తి తెచ్చుకొనునప్పుడు రెండు బ్యాటరీలును 12 వోల్టులవే కావలెను. చాల లారీలలో 24 వోల్టులుండును, జాగ్రత్త. ఎఱ్ఱ తీగను ముందు దిగిపోయిన బ్యాటరీ ఎఱుపు కొనకు, తరువాత మంచి బ్యాటరీ ఎఱుపు కొనకు; నల్ల తీగను మంచి బ్యాటరీ నలుపు కొనకు, దాని రెండవ చివరను మాత్రము దిగిపోయిన బ్యాటరీకి కాక, దానికి దూరముగ, కదలని ట్రాక్టరు ఇంజను ఇనుమునకు కలుపవలెను. చివరి కలయికవద్ద నిప్పురవ్వ లేచును. బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడుచుండును. ఆ రెండును కలిసినచో బ్యాటరీ ప్రేలి ముఖముపై ఆమ్లము చిమ్మును. బీడీ కాల్చువారిని దూరముగ పంపుడు. తీగలు తీయునప్పుడు ఇదే వరుసను వెనుకనుండి పాటింపవలెను. ఇంజను అందుకొన్నదని, నడుచుచుండగనే బ్యాటరీ తీగ పీకి డైనమోను పరీక్షించు మిస్త్రీలు నేటికిని కలరు. ఆ పరీక్షతో బాగున్న డైనమో కూడ చెడును. వారిని వారింపుడు.

అందుకొన్న ట్రాక్టరును అరగంట త్రిప్పి "చార్జీ ఎక్కినది" అనుకొనుట పొరపాటు. పూర్తిగా దిగిన బ్యాటరీని నింపు పని డైనమోది కాదు. అంత భారము మోపినచో అది వేడెక్కి చెడును. బ్యాటరీని విప్పి, దాని సామర్థ్యములో పదవవంతు ఆంపియర్లతో, అనగా 80 దానికి ఎనిమిదితో, పది పన్నెండు గంటలు చార్జరుపై ఉంచవలెను. దిగిన బ్యాటరీని వారముల తరబడి విడిచినచో పలకలపై సీసపు లవణము గట్టిపడి, నిజముగనే ట్యాంకునకు బీట పడును. నీరు తగ్గినచో డిస్టిల్డ్ వాటరే పోయవలెను. బోరు నీరు కూడదు, ఆమ్లము కూడదు.

మీలో కొందరికి కార్లు కలవు. క్రొత్త కార్లలో బ్యాటరీ దిగి లేచిన తరువాత పలకపై అరడజను హెచ్చరిక దీపములు ఒక్కమారుగ వెలుగును, గడియారము తప్పును, కిటికీ అద్దములు చెప్పినమాట వినవు. భయపడి భాగములు మార్పింపకుడు. బ్యాటరీని పూర్తిగా నింపి, కొంత దూరము నడిపిన పిమ్మట మిగిలినవానినే దోషములుగ లెక్కింపవలెను. 50 హార్స్ పవరుకు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి క్రొత్త పొగ ప్రమాణములు వచ్చినవి. వానితో ఎలక్ట్రానిక్ మెదడు గల ఇంజన్లును వచ్చినవి గనుక, అట్టివానికిని ఇదే జాగ్రత్త వర్తించును.

ఇప్పటివరకు చెప్పినవి ధనమునకు సంబంధించినవి. ఒకటి ప్రాణమునకు సంబంధించినది. సెల్ఫు అందుకొననప్పుడు కొందరు డ్రైవర్లు నేలపై నిలిచి, సెల్ఫు మోటారు రెండు బోల్టులను స్క్రూడ్రైవరుతో కలుపుదురు. ఇది క్లచ్చి వద్ద నుండు రక్షణను దాటి పోవుట. ట్రాక్టరు గేరులో ఉన్నచో వెంటనే ముందుకు దుముకును. కలిపినవాడు నిలిచియుండునది వెనుక చక్రము ఎదుటనే. పనివాడు ఎంతటి నేర్పరియైనను, చెత్త ఎంత పేరుకొనినను, మీ ఊరిలో ఈ పద్ధతిని సాగనీయకుడు. నాటికి ట్రాక్టరు కదలకున్న కదలకపోనిండు.

ఫ్యూజు కాలినచో రాగి తీగయు, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమును చుట్టి నడుపుట కూడ అట్టిదే. కాలవలసినది ఫ్యూజు; అది కాలనిచో తీగలు కాలును. ట్రాలీకి, ట్యాంకరుకు వెల్డింగు చేయించునప్పుడు ట్రాక్టరును విడదీయుడు, లేదా బ్యాటరీ తీగలు విప్పుడు; వెల్డింగు విద్యుత్తు డైనమోను చెరచును.

సర్పంచులు, కార్యదర్శులు చేయగల పని మరొకటి కలదు. లాగుబుక్కులో డీజిలు లెక్క వ్రాయుచున్నారు. దాని ప్రక్కనే బ్యాటరీ వేసిన తేదీ, వారంటీ చీటీ సంఖ్య, వారమునకొకసారి ఇంజను ఆగియున్నప్పుడును నడుచుచున్నప్పుడును చూచిన వోల్టులు వ్రాయింపుడు. క్రొత్త బ్యాటరీ బిల్లు సంతకమునకు వచ్చినప్పుడు, పాతది దిగిపోవుటకు కారణమేమో ఒక వాక్యము వ్రాసియిమ్మని మిస్త్రీని అడుగుడు. ఆ వాక్యము వ్రాయలేనిచో బిల్లు ఒక దినము ఆగవచ్చును. వారంటీ లోపల చెడినదానికి డబ్బు చెల్లించుటయు మేము కొన్నిచోట్ల చూచితిమి, చీటీ పోయినదట!

పాత బ్యాటరీని పాత ఇనుము వానికి ఇయ్యకుడు. అందులో సీసమును, ఆమ్లమును కలవు. పెరటిలో పగులగొట్టి కరగించినచో ఆ సీసము పిల్లల రక్తమున చేరును. 2022లో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము తయారీదారులు పాతవానిని వెనుకకు తీసికొనవలెను. క్రొత్తది కొన్నచోటనే పాతది అప్పగించి, దాని విలువను బిల్లులో తగ్గింపించుకొనుడు.

బయట చెట్టు నీడను ఒక ట్రాక్టరు నిలిపి యుంచితిమి. దానికొక దోషమును మేమే కల్పించితిమి. అది ఏదియో మా డ్రైవరునకు తప్ప ఎవరికిని తెలియదు. మల్టీమీటరు, పానా, బల్బు బల్లపై నున్నవి. సోదరీమణులగు వార్డు సభ్యులు ముందుగ రావలెనని మనవి. తాళపుచెవి ఇదిగో.